బీడీ తాగితే కార్డు చెల్లదంట!

మా చిన్నప్పుడు... జమ్మలమడుగు బస్టాండు బయట, మా అబ్బ టీ అంగడి గుంజకు ఒక కొబ్బరితాడు వేలాడుతుండేది. దాని కొనకు ఎప్పుడూ నిప్పు రాజుకుంటూనే ఉండేది. బస్సు దిగినవాళ్ళు ముందు ఆ తాడు దగ్గర బీడీ ముట్టించుకుని, తర్వాతే టీ అడిగేవాళ్ళు. అబ్బ అంటే తాత... మా వైపు అట్లాగే పిలుస్తాం.

ఆ పొగలోనే బల్ల మీద కూర్చుని నేను ఎక్కాలు రాసుకునేదాన్ని. నా గౌనుకు కూడా బీడీ వాసనే! బళ్ళో పక్క పిల్ల ముక్కు మూసుకునేది.

ఒకరోజు పొద్దున పోలీసాయన వచ్చాడు. నలుగురు తిరిగేచోట పొగ తాగడం నిషేధమన్నాడు. తాడు విప్పి, గ్లాసులు కడిగే బకెట్లో తనే ముంచేశాడు. చుయ్‌మంది. ఆయన అటు పోయాడో లేదో అంగడంతా ఒకటే గోల...

"బీడీ కట్ట మీద పన్ను కావల్ల, పొగ మాత్రం వద్దా? ఇదేం న్యాయం మామా?" అన్నాడు పక్కన పరుపులు కుట్టే ఖాదర్ మామ.

"మన మంచికైతే పోలీసును పంపుతారా ఖాదరూ? దీని ఎనకాల ఇంగేందో ఉండాది," అన్నాడు అబ్బ.

మా అబ్బకు అనుమానం ఎక్కువ. పాలు పోయించుకుంటే వేలు ముంచి చూసేవాడు. బస్సు టికెట్టు ఇస్తే వెనక్కి తిప్పి కూడా చూసేవాడు. నాకూ అదే బుద్ధి వచ్చిందని మా ఆయన దెప్పుతుంటాడు. వచ్చే ఉంటుంది...

సరిగ్గా ఆ రోజుల్లోనే, పెద్ద రోగాలొస్తే సర్కారే ఖర్చు పెట్టుకుంటుందని ఇంటింటికీ కార్డులిచ్చారు. మావాళ్ళు ఆ రెండింటినీ ముడిపెట్టారు. ఒక చేత్తో కార్డిచ్చి, ఇంకో చేత్తో బీడీ ఎందుకు లాక్కుంటున్నట్టు? టీలు తాగేలోపే జవాబు తేలిపోయింది. బీడీ తాగేవాళ్ళెవరో కనిపెట్టి, వాళ్ళ కార్డులు కొట్టేస్తారంట! ఆ మాట మొదట ఎవరన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రానికి మాత్రం బస్టాండు చుట్టూ అదే మాట.

అబ్బకు అప్పటికే దగ్గు పట్టుకుని ఉంది. అవ్వ పోరు పడలేక ప్రొద్దుటూరు ఆస్పత్రికి బయల్దేరాడు. బోర్డులు చదవడానికి నన్నూ తీసుకుపోయారు. బస్సులో అవ్వకూ నాకూ అబ్బ ఒకటే పాఠం...

"బీడీ అనే మాట నోట్లోనించి రాకూడదు. తెలిసిందా పాపా?"

డాక్టరు చీటీ మీద నుంచి తలెత్తకుండానే అడిగాడు, బీడీ, చుట్ట అలవాటుందా అని.

"మా ఇంటావంటా లేదు సార్," అన్నాడు అబ్బ.

నల్లబడిన పెదాలు, పచ్చబడిన వేళ్ళు ఎదురుగానే ఉన్నాయి. తలెత్తి చూస్తే కదా! దుమ్ము పడక వచ్చిన దగ్గని మందులు రాసిచ్చాడు. తర్వాత పోయినప్పుడల్లా కొత్త పరీక్ష, కొత్త మందు. చిన్న దగ్గులకు కార్డు పనికిరాదన్నారు. "చూస్తివా, అప్పుడే మొదులుపెట్నారు," అన్నాడు అబ్బ అవ్వతో. చివరికి అవ్వ పాలిచ్చే ఎనుమును అమ్మేసింది. దూడ రెండు రోజులు అరుస్తూనే ఉంది. దగ్గు మాత్రం తగ్గలేదు.

తువ్వాలలో రక్తం కనపడిన రోజు కడపకు తీసుకుపోయాం. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ. అబ్బ చెయ్యి పట్టుకుని, వేళ్ళు తిప్పి చూసి, "ఎన్నాళ్ళ నుంచి తాగుతాండావు అబ్బా?" అంది.

"అది పసుపు తల్లీ... పసుపు కొమ్ములు మోసినాను," అన్నాడు అబ్బ, కళ్ళార్పకుండా.

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. ఉన్నట్టుండి కొంగు తీసేసి బావురుమంది.

"పసుపూ లేదు, ఏమీ లేదు! నన్ను పెండ్లాడకముందు నుంచే బీడీలు తాగుతాండాడు. కార్డు పీక్కుంటే పీక్కోండి తల్లీ... మనిషిని బతికించండి!"

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. "బీడీకీ కార్డుకీ ఏం సంబంధం అవ్వా? తాగినా తాగకపోయినా కార్డు చెల్తాది. ఈ మాట మొదట్లోనే చెప్పింటే వేరే పరీక్షలు చేసేటోళ్ళు కదా..."

అవ్వ సంచిలోంచి కార్డు తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

వైద్యం కార్డు మీదే జరిగింది. కానీ ఆలస్యమైపోయింది. ఇంటికి వచ్చే బస్సులో అబ్బ కిటికీలోంచి చూస్తూ, "ఆ డాక్టరు పాప మంచిదే... పైనోళ్ళు ఏమంటారో ఎవురికి తెలుసు?" అన్నాడు. ఆ ఏడు శెనక్కాయలు పెరికే కాలానికి అబ్బ లేడు.

నాకు ఇప్పటికీ కోపమే. తలెత్తి చూడని డాక్టరు మీద కోపం... తాడు ముంచినంత సులువుగా నాలుగు మాటలు విడమరిచి చెప్పని సర్కారు మీద కోపం... అందరికంటే మా అబ్బ మీద ఎక్కువ కోపం.

ఇప్పుడు బస్టాండులో పొగ లేదు. మంచిదే, నా పిల్లల బట్టలకు ఆ వాసన అంటదు. ఆస్పత్రులు మాత్రం వీధికొకటి వెలిశాయి. జ్వరమని పోతే చెయ్యి పట్టుకునేలోపే పరీక్షలు రాస్తారు. మొన్న నాకు ఆయాసంగా ఉంటే, "మీ ఇంట్లో ఊపిరితిత్తుల జబ్బు ఎవరికైనా ఉండేదా?" అని డాక్టరు అడిగాడు. చెప్పడానికి ముందు, ఇన్సూరెన్సు మనిషి ఎవరైనా దగ్గర్లో ఉన్నాడేమోనని చుట్టూ చూశాను. అబ్బ గుర్తొచ్చాడు... ఉన్నదంతా చెప్పేశాను. చెప్పి, ఆయన ఏం రాస్తున్నాడో తొంగి చూశాను!

మీ పెద్దవాళ్ళు కూడా డాక్టరు దగ్గర ఏదో ఒకటి దాచే ఉంటారు. ఏం దాచారో, ఎందుకు భయపడ్డారో కింద రాయండి... పేర్లు మాత్రం వద్దు. ఎవరు చదువుతుంటారో ఏమో...