మోయెలంగి చదువు, మా అమ్మ దగ్గు

ఆ ఏడాది మా ఇంట్లో అందరం అమ్మ దగ్గు వింటూ బతికాం. రేకుల కప్పు మీద వాన దంచుతున్నా ఆ దగ్గు వినిపించేది. ఎక్కువైతే భయం, ఆగిపోతే ఇంకా భయం. అందరికంటే భయపడ్డది మోయెలంగి, చనిపోయిన మా అక్క కూతురు. కాలేజీలో దాని నర్సింగు చదువు ఆఖరి దశలో ఉంది.

నడి సముద్రంలో, అమెరికా ఏలుబడిలో ఉన్న మా ద్వీపానికంతా ఒకటే కాలేజీ. ఫీజు చాలావరకు అమెరికా ప్రభుత్వమే కట్టేది కాబట్టి చదువు ఉచితమని ఊళ్లో అనుకునేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. చదువుకు అసలు ఖర్చయ్యేది రోజులు. ఆ రోజుల మీద హక్కు పిల్లలది కాదు, కుటుంబానిది. చావైనా పెళ్లైనా ఉన్న పని వదిలేసి రావాలి, వండాలి, వడ్డించాలి, కానుకగా ఇచ్చే తాతల నాటి నేత చాపలు ఊరి ముందు విప్పి మోయాలి. మా పేటలో ఆ కాలేజీలో చేరని పిల్లలు అరుదు. పట్టా పుచ్చుకున్నవాళ్ల పేర్లు మాత్రం చర్చిలో పాస్టరుగారు ఒక్క ఊపిరిలో చదివేస్తారు. ఒకరి చదువు మేనత్త చావు దగ్గర ఆగింది, ఒకరిది అన్న పెళ్లి దగ్గర. కొందరు సైన్యంలో చేరిపోయారు. మిగిలినవాళ్లు చేపల ఫ్యాక్టరీలో నా పక్కన తేలారు.

అక్కడ నా పని ఉడికిన ట్యూనా చేపల తోలు ఒలిచి శుభ్రం చేయడం. ఎన్నిసార్లు రుద్దుకున్నా ఆ వాసన పోదు. ఆస్పత్రి నర్సు జీతం నా జీతానికి రెండింతల పైమాటే. సెలవుల్లో మోయెలంగి నాతో పనికి వస్తే ఆడవాళ్లు ఆటపట్టించేవారు.

"ఏమే నర్సమ్మా, ఈ చేపకి జ్వరమేమో కాస్త చూడు!"

"చచ్చి నాలుగు రోజులైంది అత్తా. ఇప్పుడా తీసుకొచ్చేది?" అనేది అది చెయ్యి ఆపకుండా.

నర్సింగులో చివరి రెండు వారాలు ఆస్పత్రి వార్డులో పనిచేయాలి. ఒక రోజు తప్పితే ఊరుకుంటారు. అంతకు మించి తప్పితే తర్వాతి బ్యాచ్‌తో మళ్లీ మొదలుపెట్టాల్సిందే. మా దగ్గర పెద్ద చావంటే తక్కువలో తక్కువ రెండు వారాలు. హవాయి నుంచి, కాలిఫోర్నియా నుంచి బంధువులందరూ దిగేదాకా శవం ఆస్పత్రిలోనే ఉంటుంది.

ఇదంతా మా అమ్మ ఫువాతినోకి తెలుసు. మంచం పట్టినా ఆమె నోటికి పేటంతా జడిసేది. వార్డు డ్యూటీలు ఇంకా మొదలుకాకముందే ఒకరోజు మా అన్నయ్య ఇయాకోపోని పిలిపించింది. అన్నయ్య మా కుటుంబానికి మతాయి, బిరుదున్న పెద్ద. ఆయన మాటకు ఎదురు లేదు.

"ఒరేయ్, నేను పోతే దీన్ని పిలవకండి. దాని డ్యూటీ దాన్ని చేసుకోనివ్వండి. చాప మొయ్యడానికి ఇంకో పిల్లే దొరకదా?"

"ఇప్పుడు చావు మాటలెందుకమ్మా?"

"ఈ ముసల్దెప్పుడు పోతుందా అని చూస్తున్నావులే, నాకు తెలుసు. ముందు మాటివ్వు."

అన్నయ్య నవ్వాడు. "సరేనమ్మా, పిలవం. నేను చూసుకుంటాగా," అన్నాడు.

మేం తప్పు చేసింది అక్కడే. మా వాళ్లలో ఏ మాటైనా కుటుంబ సమావేశంలో, పెద్దలు తాగే కావా పానీయం గిన్నె ముందు, అందరూ వింటుండగా అనాలి. అప్పుడే అది కుటుంబం మాట అవుతుంది. మంచం పక్కన అన్నది కొడుకు తల్లికి ఇచ్చిన మాట మాత్రమే. సమావేశం పెట్టమని అడిగితే అన్నయ్యని నమ్మనట్టు ఉంటుంది. అంత మాట అనడానికి అమ్మకి కూడా నోరు రాలేదు.

డ్యూటీలు మొదలయ్యాయి. మోయెలంగి రోజూ పొద్దున్నే అమ్మకి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, బస్సుకు వెళ్లే ముందు గుండె మీద చెవి పెట్టి వినేది.

"ఏమే, ఇంకా ఉన్నానా?"

"ఉన్నావు అమ్మమ్మా. ఇంకొన్ని రోజులు ఓపిక పట్టు."

"పడతాలే, నువ్వు పో. బస్సు తప్పుతుంది."

మొదటి వారం దాటింది. రెండో వారం మొదట్లో నన్ను ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పిలిచారు. అమ్మే అనుకున్నాను, చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తాను. అమ్మ కాదు. తారో తోటలో దుంపలు ఎత్తుతూ అన్నయ్య పడిపోయాడట, మరి లేవలేదట. గుండెపోటు అన్నారు.

సమావేశంలో పెద్దరికం మా బాబాయి కొడుక్కి వచ్చింది. అన్నయ్య ఇచ్చిన మాట గురించి నేను లేచి చెప్పాను. అతను నెమ్మదైన మనిషి, చివరిదాకా విన్నాడు.

"అక్కా, ఆ మాట పెద్దమ్మ చావు గురించి ఇచ్చింది. ఇది మతాయి చావు. ఇచ్చిన మనిషి కూడా ఇప్పుడు లేడు. సొంత మేనకోడలు చాప మొయ్యకపోతే మన పరువేం కాను?"

పక్క గదిలోంచి అమ్మ అరిచింది. "నేను పోవాల్సిందిరా! పోయిన నెలలోనే పోవాల్సింది!"

మోయెలంగి వంటింట్లోకి వెళ్లి తారో దుంపలు చెక్కడం మొదలుపెట్టింది. తర్వాత కాలేజీ తరఫున టీచరమ్మ కూడా ఒక చాప తీసుకుని పరామర్శకు వచ్చింది. ఆవిడకు తారో, టిన్ను మాంసం వడ్డించింది మోయెలంగే. "నా చేతుల్లో ఏమీ లేదు తల్లీ, రూలు అలా ఉంది," అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంది. చావు ఇంట పెట్టింది కాదనకూడదు కాబట్టి పళ్లెం ఖాళీ చేసి వెళ్లింది. మోయెలంగి చాపని గొప్పగా మోసిందని ఊరంతా మెచ్చుకుంది. నాకు ఎవరి మీద పడి ఏడవాలో తెలియలేదు.

ఇప్పుడది నా పక్కనే నిలబడి చేపలు ఒలుస్తోంది. ఎవరూ దాన్ని నర్సమ్మా అని పిలవడం లేదు. అమ్మ ఇంకా ఉంది, ఇంకా దగ్గుతోంది. పొద్దున ఒళ్లు తుడవడం ఇప్పటికీ మోయెలంగి పనే. నిన్న అది కత్తి ఆపకుండా మెల్లగా అడిగింది.

"పిన్నీ, ఆగస్టులో కొత్త బ్యాచ్ తీసుకుంటారట. అమ్మమ్మ ఆలోపే పోతే మంచిది కదా?"

నేను దాన్ని తిట్టలేదు. నిన్న పొద్దుట్నుంచీ నేను అనుకుంటున్నదీ అదే.