టేబుల్ ఖాళీ చేసే ముందు

పోయిన వారం అల్ వక్రా వెళ్ళే మెట్రోలో పక్కసీటాయన చిన్న డబ్బా తీసి మెడకు నొప్పి బామ్ రాసుకున్నాడు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే యాదగిరి సార్ గుర్తొచ్చారు. దోహాలో నేను చేరిన నిర్మాణ కంపెనీలో ఆయన నా మొదటి బాస్. మెడనొప్పి ఆయనను ఏనాడూ వదల్లేదు కాబట్టి మా కంప్యూటర్ సెక్షనంతా అదే వాసన. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కూలీగా వచ్చి, సైట్లో హాజరు రాసే టైమ్‌కీపరై, ఆ హాజరు కంప్యూటర్లోకి ఎక్కినప్పుడు దాంతోపాటు తానూ ఎక్కి, చివరికి డేటాబేస్ మొత్తానికి పెద్దయిన మనిషి. నేనేమో కాకినాడలో ఇంజినీరింగ్ చదివి వచ్చినదాన్ని. ఆయనకు నేనే నాలుగు ముక్కలు నేర్పాలేమో అనుకున్నాను. ఆ పొగరు దిగడానికి మూడు నెలలు పట్టింది.

మా క్యాంపుల్లో గుమాస్తాలు కార్మికుల హాజరు, సెలవు వివరాలు కంప్యూటర్లో ఒక తాత్కాలిక టేబుల్లో, అంటే పట్టికలో, ఎక్కించేవారు. రోజూ పొద్దున పదింటికి వాటిని అసలు టేబుల్లో చేర్చి, దీన్ని ఖాళీ చేయాలి. అసలు టేబుల్లో సెలవు ఎక్కినవాళ్ళకే ఊరెళ్ళే విమాన టికెట్లు వచ్చేవి. డిలీట్ కమాండ్ ఒక్కో వరుసనే తీస్తూ పోతుంది, పొద్దుపోతుంది. ట్రంకేట్ చిటికెలో మొత్తం ఊడ్చేస్తుంది. కానీ ఎవరైనా ఆ టేబుల్లో పని మధ్యలో ఉంటే, వాళ్ళు వదిలేదాకా అది కదలదు. దాని వెనక వచ్చినవాళ్ళనీ కదలనివ్వదు. అలా ఆగినప్పుడు ఎవరు పట్టుకుని ఉన్నారో, ఎప్పటినుంచో చూపించే కమాండ్ ఉంది. వాళ్ళను బయటికి నెట్టేసే కమాండ్ కూడా ఉంది. సార్ మొదటిది వాడేవారు, రెండోదాని దగ్గరికి అంత త్వరగా పోయేవారు కాదు. గోడకు ఒక కాగితం అతికించి, ప్రతి క్యాంప్ లాగిన్ పక్కనా అక్కడి గుమాస్తా ఫోన్ నంబర్ రాసి పెట్టారు. ఫోన్ చేసి, పేర్లు సేవ్ చేయించి, వాటినీ చేర్చుకుని, అప్పుడు ఖాళీ చేసేవారు. కంప్యూటర్ యుగంలో ఈ ఫోన్లేమిటని నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

ఒక రోజు ఆయన సైట్‌కు వెళ్ళారు. పదిన్నరైనా ట్రంకేట్ కదలదు. అన్ని క్యాంపుల స్క్రీన్లూ బిగుసుకుపోయాయి, మేనేజర్ నా నెత్తిన కూర్చున్నాడు. చూస్తే దుఖాన్ క్యాంప్ లాగిన్ ఒకటి గంటకు పైగా ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. ఫోన్ చేయలేదు. నెట్టేశాను. టేబుల్ క్షణంలో ఖాళీ అయింది. మేనేజర్ మెచ్చుకున్నాడు, నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున దుఖాన్ గుమాస్తా ఫోన్ చేసి, తన పదిహేడు మందికీ టికెట్లు ఎందుకు రాలేదని అడిగాడు. పేర్లన్నీ టైపు కొట్టి, ఎవరిదో ఐడీ నంబర్ సరిచూడటానికి స్క్రీన్ అలాగే వదిలి బయటికెళ్ళాడట. తిరిగొచ్చేసరికి లాగిన్ పోయి ఉంటే, సేవ్ చేసే వెళ్ళాననుకున్నాడు. నేను నెట్టేయగానే, సేవ్ కాని ఆ పేర్లన్నీ పోయాయి. ఆ పదిహేడు మందిలో రాజలింగం అనే మేస్త్రీ ఉన్నాడు. ఊళ్ళో అతని భార్యకు ఆపరేషన్. నిన్న రాత్రే బయలుదేరాల్సిన మనిషి.

సార్ అంతా విన్నారు. "అటు దిక్కు ఎవరున్నరో అడిగినవా?" అన్నారు.

ఆ లాగిన్ సెషన్ నంబర్ చూశానన్నాను.

"నంబర్ కాదు బిడ్డా. మనిషెవరు?"

తర్వాత గుమాస్తా ఫోన్లో చదువుతుంటే పదిహేడు పేర్లూ నాతోనే కొట్టించారు. పైవాళ్ళకు రాసిన మెయిల్లో తప్పు మా సెక్షన్‌దని రాశారు, నా పేరు పెట్టలేదు. రాజలింగం ఒక రోజు ఆలస్యంగా వెళ్ళాడు. బతికిపోయాననుకున్నాను.

రెండు నెలలకు అతను తిరిగి డ్యూటీలో చేరాక, సార్ నన్ను కారెక్కించుకుని దుఖాన్ తీసుకెళ్ళారు. "నీ నోటితోనే చెప్పు" అన్నారు దారిలో. చెప్పాను. కమాండ్లూ అవీ చెప్పబోయి, ఆగి, మీ పేరు నేనే పోగొట్టానని చెప్పాను. రాజలింగం కోప్పడలేదు. అదే నాకు కష్టమైంది.

"ఆపరేషన్ మంచిగనే అయింది మేడం," అన్నాడు. "ఆమె మస్తు భయపడ్డది. కాయితం మీద సంతకం నేనే పెడ్త, అందాక లోపలికి పోకు అని చెప్పిన. పొద్దంతా నాకోసం చూసిందట. ఆఖరికి నా తమ్ముడు పెట్టిండు."

సార్ నా తరఫున ఏమీ చెప్పలేదు. అప్పుడు ఆయన మీద కోపం వచ్చింది. ఇప్పుడు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆయన ఉద్యోగం విరమించి ఊరెళ్ళిపోయారు. ఆ కుర్చీలో నేనున్నాను. ఈ మధ్యే అల్ షహానియా క్యాంప్ లాగిన్ ఒకటి టేబుల్‌ను పట్టుకుని ఉంటే ఫోన్ చేశాను. ఎవరో ఎత్తి, ఇంకొక్క పేరే మిగిలింది, పది నిమిషాలు ఆగమన్నాడు. మేనేజర్ యల్లా యల్లా అని తొందరపెడుతూ వెనకే నిలబడ్డాడు. ఆగాను. ఆ పది నిమిషాల్లో ఎక్కిన పేరు ఎవరిదో, ఆ మనిషి కోసం ఎక్కడ ఎవరు ఎదురుచూస్తున్నారో నాకు తెలియదు.