ఆళ్లగడ్డ బట్టీలో వేగిన డుంకెల్ మాల్ట్

2023 మార్చి. నంద్యాలలో అప్పటికే ఎండ ముదిరింది. బెంగళూరు నుంచి రెండు మూటల బార్లీ మాల్ట్ వెంటబెట్టుకుని, పొద్దున్నే రైలు దిగి ఆటోలో మా ఇంటికి వచ్చాను.

నేను బ్రూవర్‌ని. బీరు తయారుచేయడం నా పని. మైక్రోబయాలజీ చదివి, కొన్నాళ్లు ఈస్ట్ ల్యాబ్‌లో చేసి, తర్వాత జర్మనీలో ఒక చిన్న బ్రూవరీలో శిక్షణ పొంది, బెంగళూరులో ఒక మైక్రోబ్రూవరీలో చేరాను. తాను కాచిన బీరును అక్కడికక్కడే అమ్మే రెస్టారెంటును మైక్రోబ్రూవరీ అంటారు. అక్కడ నాకు పేరు తెచ్చింది డుంకెల్. ఆ మాటకు జర్మన్‌లో ముదురు రంగు అని అర్థం. దక్షిణ జర్మనీలో లేత రంగు బీర్లు రాకముందు జనం రోజూ తాగింది ఈ రకమే. చూడడానికి చిక్కటి కషాయంలా ఉంటుంది గానీ తాగితే చాలా మృదువు. దాన్ని లాగర్ అంటాం, అంటే చల్లటి ట్యాంకులో నిదానంగా పులిసి, ఆ చలిలోనే వారాల తరబడి తేరుకునే బీరు.

డుంకెల్ ప్రాణమంతా మ్యూనిక్ మాల్ట్‌లో ఉంటుంది. మాల్ట్ అంటే మన ఇళ్లలో రాగిమాల్టుకు రాగుల్ని చేసినట్టే, బార్లీని నానబెట్టి, మొలకెత్తించి ఆరబెట్టిన గింజ. మ్యూనిక్ మాల్ట్‌ను ఇంకాస్త వేడి మీద, తేమ ఉండగానే ఆరబెడతారు. ఆ ఏడాది మాకు రావలసిన మ్యూనిక్ మాల్ట్ ఓడరేవులోనే ఆగిపోయింది. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. మా ఓనరుకు ఓపిక తక్కువ. డుంకెల్ తీసేసి ఆ ట్యాంకులో మామిడిపండు వాసన వేసిన బీరు పోద్దామన్నాడు. ఒక్కసారి మెనూ బోర్డు మీద నుంచి పేరు తీసేస్తే మళ్లీ ఎక్కదని నాకు తెలుసు. ఇక్కడ దొరికే మామూలు మాల్ట్‌నే తడిపి వేయించి పని జరిపిస్తానని, ఒక వారం గడువు ఇవ్వమని అడిగాను. వేయించడానికి పెద్ద డ్రమ్ము కావాలి. పప్పులు వేయించే బట్టీలు మా వైపు ఉంటాయి కదా అనే ధైర్యంతో బయలుదేరాను.

ఇంట్లో నాయన ఒక్కడే ఉన్నాడు. అమ్మ నా చెల్లెలి కాన్పు కోసం కర్నూలు వెళ్లింది. నాయన ఆళ్లగడ్డ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాడు. మా ప్రొటెస్టెంటు చర్చిలో సంఘపెద్ద. నా ఉద్యోగం గురించి మా ఇంట్లో మాట్లాడుకోం. వద్దని ఎప్పుడూ అనలేదు, ఎలా సాగుతోందని కూడా ఎప్పుడూ అడగలేదు.

“ఏంది పాపా ఈ మూటలు?” అన్నాడు.

దాచదలుచుకోలేదు. నల్ల బీరుకు మాల్ట్ అనీ, వేయించాలనీ చెప్పాను. నాయన కుర్చీలో కూర్చున్నాడు.

“తాగొచ్చి పిల్లోళ్లను బడి మాన్పించి కూలికి తోలిన నాయనల్ని సూసినా నేను. ఇంటింటికీ పోయి కాళ్లు పట్టుకున్యా. నీకు తెల్సు గదా.”

“తెలుసు నాయనా.”

కాఫీ పెట్టి ఇచ్చాను. తాగాడు.

ఆ రోజంతా నంద్యాలలో తిరిగాను. రైస్ మిల్లుల్లో వేయించే డ్రమ్ములు ఉండవు. ఉన్న ఒక బట్టీలో ఉగాదికి పప్పుల పని ఎక్కువగా ఉంది. ఇంకో బట్టీ అతను గింజ నలిపి వాసన చూసి, ఈ వాసన డ్రమ్ముకు పడితే తన పప్పులు ఎవరూ కొనరని పంపేశాడు. సాయంత్రం ఇంట్లో కూర్చుని ఫోన్లు చేస్తున్నాను. అవతలి వాళ్లు ఏమంటున్నారో నా ముఖం చూస్తేనే తెలిసిపోతున్నట్టుంది. నాయన బైబిలు మూసి పక్కన పెట్టాడు.

“ఆళ్లగడ్డలో ఓబులమ్మకు బట్టీ ఉండాది. నా దగ్గర చదివినాది. పొద్దున పోదాం.”

మీరెందుకులే నాయనా అన్నాను. తను రాకపోతే ఓబులమ్మ కొత్తవాళ్లకు బట్టీ ఇవ్వదన్నాడు.

మూటలు బస్సులో వేసుకుని బయలుదేరాం. అవి లెంట్ దినాలు, ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాసాలుండే నలభై రోజులు. నాయన మధ్యాహ్నం దాకా కాఫీ తప్ప ఏమీ ముట్టడు. శిరివెళ్ల దాటాక, జర్మనీవాళ్లు కూడా ఉపవాసాలు ఉంటారా అని అడిగాడు. నా పని దరిదాపుల్లోకి వచ్చిన మొదటి ప్రశ్న అది. డుంకెల్‌కు పెద్దన్న లాంటి బీరు ఒకటుందనీ, డాపుల్‌బాక్ అంటారనీ, అది చిక్కగా, బలంగా ఉంటుందనీ చెప్పాను. వెనకటికి అక్కడి మఠాల్లో సన్యాసులు లెంట్‌లో తిండి మానేసి దాన్ని తాగి ఉండేవారని చెప్పుకుంటారని కూడా అన్నాను. నాయన కిటికీలోంచి కోత అయిన శనగచేల వైపు చూశాడు.

“వాళ్లు క్యాథలిక్కులు లేమ్మా,” అన్నాడు.

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు గానీ ముఖం తేలికపడింది.

ఓబులమ్మది యాభై దాటిన వయసు. బట్టీ షెడ్డులో ఇనుప డ్రమ్ము, కింద పొయ్యి, పక్కన పప్పుల బస్తాలు. నాయనను చూసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. గింజ నోట్లో వేసుకుని నమిలి, తియ్యగా ఉందే అంది.

“ఏం చేస్తారు సార్ దీన్తో?”

నేను నోరు తెరిచేలోగా నాయనే చెప్పాడు. “బీరు. మా పాప బెంగళూర్లో బీరు చేస్తాది. జర్మనీవాళ్ల నల్ల బీరు.”

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. ఎటు చూడాలో తెలియక మూట కట్టు విప్పుతూ కూర్చున్నాను.

ఓబులమ్మ ఆయన వైపు వింతగా చూసింది. “మద్యపానం మింద మాతో వ్యాసం రాపిచ్చినారు గదా సార్ మీరు.”

“ఇప్పుడైనా రాపిస్తా. అది వేరే,” అన్నాడు నాయన. “ముందు పొయ్యి ముట్టియ్.”

మొదటి మూట పాడైంది. నేను మాల్ట్ మీద నీళ్లు చిలకరించి వెంటనే డ్రమ్ములో పోయించాను. ఓబులమ్మ పప్పులకు పెట్టే మంటే పెట్టింది. కాసేపటికే కమ్మటి వాసన వచ్చింది. ఇంకాస్త రంగు రానిద్దామన్నాను. ఆ కాస్తలోనే పొగ లేచింది. బయటికి తీసి గింజ కొరికితే పైన బొగ్గు, లోపల తెల్లటి పచ్చి పిండి.

“మాడిపాయె,” అంది ఓబులమ్మ. “నీళ్లు పైపైనే ఉండాయి పాపా. లోపలికి దిగల్యా.”

తప్పు ఇద్దరికీ అర్థమైంది. మ్యూనిక్ మాల్ట్‌కు ముందు స్ట్యూయింగ్ జరగాలి. అంటే తడిసిన గింజ మూత కింద వెచ్చగా ఉడుకుతున్నట్టు ఉండి, లోపలి పిండి కొంత చక్కెరగా మారాలి. ఆ చక్కెరే తర్వాత సన్నటి సెగకు ఎర్రబడుతుంది. పుస్తకంలో చదివినదాన్ని తొందరలో దాటేశాను. మిగిలింది ఒక్క మూట. అదీ పోతే తిరిగి బెంగళూరు వెళ్లి డుంకెల్ అనే పేరు నా చేత్తోనే తుడిచేయాలి.

ఈసారి మాల్ట్‌ను బాగా నానబెట్టి వడకట్టాం. తడి గోనెసంచుల్లో చుట్టి, ఆర్పేసిన పొయ్యి పక్కన వెచ్చటి ఇటుకల మీద పెట్టాం. నా దగ్గర థర్మామీటరు ఉంది. ఓబులమ్మ సంచి కింద చెయ్యి పెట్టి చూసేది, నేను అంకె చెప్పేదాన్ని. నాయన స్టూలు వేసుకుని కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. మొలకెత్తిన గింజలో పిండి చక్కెరగా మారేది ఎంజైములతోనే గదా, మరి వేడి ఎక్కువైతే అవి చచ్చిపోవా అని అడిగాడు. చచ్చిపోతాయి, అందుకే కాచేటప్పుడు వేయించని మాల్ట్ సగం కలుపుతాం అన్నాను. అయితే ఈ సగానిది రుచి, ఆ సగానిది పని అన్నాడు. తరగతిలో పాఠం చెప్పేటప్పటి గొంతు అది. మధ్యాహ్నం దాటినా ఉపవాసం విడవడం మరిచిపోయాడు. ఓబులమ్మ గుర్తుచేసి జొన్నరొట్టె పెట్టింది.

డ్రమ్ములో పోసినప్పుడు కింద నిప్పులు మాత్రమే ఉంచాం. డ్రమ్ము నిదానంగా తిప్పాం. రంగు రావడానికి చాలాసేపు పట్టింది. తొందరపడి మంట పెంచుదామా అని రెండుసార్లు నోటిదాకా వచ్చి ఆగాను. సాయంకాలం ఎండ షెడ్డులోకి వాలేసరికి గింజ తేనె రంగుకు తిరిగింది. కొరికితే లోపల కూడా అదే రంగు.

వేయించింది ఎలా కుదిరిందో తెలుసుకోవడానికి మేం హాట్ స్టీప్ చేస్తాం. మాల్ట్‌ను కచ్చాపచ్చాగా దంచి, ఫ్లాస్కులో వేడినీళ్లలో కొంతసేపు ఉంచి, వడగట్టి రుచి చూడడం. ఓబులమ్మకు ఒక గ్లాసు పోశాను. నాయన వైపు చూశాను.

“మత్తు ఉంటాదా?”

“లేదు నాయనా. ఇంగా పులవలేదు. గింజ నీళ్లే.”

గ్లాసు అందుకుని వాసన చూశాడు. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, ఇంకో గుక్క తాగాడు.

“రొట్టె పైపెచ్చు మాదిరి ఉండాది,” అన్నాడు.

డుంకెల్ రుచి చెప్పమంటే ప్రపంచంలో ఏ బ్రూవరైనా మొదట చెప్పే మాట అదే. నాకు ఆ గ్లాసు చాలనిపించింది. బెంగళూరులో ఏమైనా పరవాలేదనుకున్నాను.

బెంగళూరులో కూడా బాగానే అయింది. ఆ మాల్ట్‌తో కాచేటప్పుడు డికాక్షన్ చేశాను. కాఫీ డికాక్షన్ కాదు, ఉడుకుతున్న మాల్ట్ జావలో కొంత భాగాన్ని వేరే తీసి మరిగించి మళ్లీ కలిపే పాత జర్మన్ పద్ధతి. రంగు, వాసన ఇంకొంచెం చిక్కబడతాయి. చల్లటి ట్యాంకులో వారాలు ఉంచాక తీస్తే, రాగి చెంబు రంగులో తేటగా దిగింది. జర్మనీ మాల్ట్‌తో చేసినదానికి అచ్చంగా సమానమని చెప్పను. చివర్లో కొంచెం వేరుశనగ వాసన తగిలింది. మామూలుగా వచ్చేవాళ్లలో కొందరు ఇదే బాగుందన్నారు. ఓనరు బోర్డు జోలికి పోలేదు. ఓడ వచ్చాక కూడా ఒక ట్యాంకు ఆళ్లగడ్డ మాల్ట్‌తోనే కాస్తున్నాం. పప్పుల పని తగ్గే నెలల్లో ఓబులమ్మ మాకు వేయించి పెడుతుంది.

బీరు దిగిన రోజు నాయనకు ఫోన్ చేసి చెప్పాను. మంచిది అన్నాడు. తర్వాత ఏం చేస్తావని అడిగాడు. ష్వార్జ్‌బియర్ చేయాలనుందన్నాను. అది నల్లగా ఉండే లాగర్, చూడడానికి బొగ్గులా ఉన్నా నోట్లో తేలిగ్గా ఉండాలి, మాడిన చేదు రాకూడదు, అదే కష్టం అని చెప్పాను.

“మొన్న మొదటి మూటలో ముందు మాడింది పొట్టే గదా,” అన్నాడు. “పొట్టు తీసి ఏపిచ్చి చూడు.”

జర్మనీలో సరిగ్గా అలాగే చేస్తారు. ఆ మాట చెబితే అవునా అని సంతోషపడ్డాడు.

నాయన ఇప్పటికీ బీరు ముట్టడు. నేను తాగమని పోరు పెట్టను. తాగుడు గురించి ఆయన చూసినవన్నీ నిజాలే. ఏళ్ల తరబడి నా ఉద్యోగానికి ఆయన్ను ఒప్పించే మాటల కోసం వెతికాను, ఒక్కటీ దొరకలేదు. నా పనిలో ఉన్న చిక్కును ఆయన ముందు విప్పి పెట్టిన రోజున ఆయనే స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు కొత్తగా ఏది కాచినా ముందుగా ఆయనకు ఫోన్ చేసి, ఎక్కడ ఆగిపోయానో చెబుతాను.