‘వచ్చాక’ అనే మాట

ఈ ఉదయం పక్కింటావిడ మా డాబా మీద బూడిదగుమ్మడి వడియాలు పెట్టింది. పాతచీర కింద పరచడానికి రొయ్యల ఫ్యాక్టరీ అట్టపెట్టెలు విప్పి తెచ్చింది. వాటి మీద స్పానిష్‌లో ‘కోన్సెర్వెసె’ అని, పక్కన -18 అని అచ్చువేసి ఉంది. మైనస్ పద్దెనిమిది డిగ్రీల్లో ఉంచుదురుగాక అని దాని అర్థం. భీమవరం మే ఎండలో ఆ మాట చదివి నవ్వొచ్చింది. ‘మీకిది ఎలా వచ్చండీ?’ అని ఆవిడ ఆశ్చర్యపోయింది. మా మేనకోడలి కోసం నేర్చుకున్నానన్నాను. అంతవరకే చెప్పాను.

మూడేళ్ల క్రితం మా తమ్ముడి కూతురు పిఠాపురంలో మొగుణ్ణి వదిలి నా దగ్గరికి వచ్చేసింది. అతను చెయ్యి చేసుకునే మనిషి. కాలేజీలో సరదాకి మొదలుపెట్టిన స్పానిష్ పుణ్యమా అని, స్పెయిన్‌కి రొయ్యలు పంపే ఒక కంపెనీలో ఉత్తరాలు రాసే పని దొరికింది. మూడు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. ‘చేస్తే ఇక్కడే ఉండు. చెయ్యకపోతే మీ ఆయన దగ్గరికి నడు’ అని మా తమ్ముడు తేల్చేశాడు. నేను ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. రోజూ సాయంత్రం ఆరింటికి, పుస్తకం చివర ఉన్న జవాబులు ముందు పెట్టుకుని, ఎర్ర పెన్నుతో ఆమె స్పానిష్ దిద్దడానికి కూర్చునేదాన్ని. తేదీ, పాఠం, తప్పులు అన్నీ డైరీలో రాసేదాన్ని.

సబ్జంక్టివ్ దగ్గర పిల్ల ఇరుక్కుంది. కోరికకీ అనుమానానికీ క్రియ ఒక రూపంలో ఉంటుంది, ఉన్న సంగతికి మరో రూపంలో ఉంటుంది. పుస్తకంలో దానికి పాతిక పేజీలున్నాయి. నేను ఒక్క ముక్కలో తేల్చాను: ‘తెలుగులో చివర గాక పెట్టి చూడు. అతికితే సబ్జంక్టివ్. నువ్వు సుఖంగా ఉందువుగాక, వాడు సర్వనాశనమగుగాక.’ రెండోది చెప్పగానే వాళ్లాయన గుర్తొచ్చాడేమో, పడీపడీ నవ్వింది. మా ఇంట్లో ఆమె అలా నవ్వడం అదొక్కసారే.

ఒక మంగళవారం ఉత్తరం తెచ్చింది. ‘మీ రేవుకు కంటైనర్ వచ్చాక మీకు తెలియజేస్తాం’ అని రాయాలి. ‘వచ్చాక’ అన్నచోట ‘క్వాండో యెగో’ అని రాసి, ఆగింది.

‘అత్తయ్యా, ఇంకా రాలేదు కదండీ. ఇది సబ్జంక్టివ్ కాదా?’

‘గాక అతికిందా?’

‘లేదండి.’

‘మరి? ఇంకా రాని మనిషిని గురించి కూడా తెలుగులో వచ్చాక అనే అంటాం. వచ్చాక అంటే వచ్చాకే. పద.’ పక్కన ఎర్ర టిక్కు పెట్టాను.

ఆ భాషలో ‘యెగో’ అంటే అప్పటికే వచ్చేసిందని. పైగా ‘తెలియజేస్తాం’, ‘తెలియజేశాం’ రెంటికీ ఒకటే మాట. ఆ వాక్యం స్పెయిన్‌లో ‘కంటైనర్ వచ్చింది, మీకు చెప్పాం కూడా’ అయి కూర్చుంది. కొనేవాడు రేవుకు లారీలు పంపాడు. అక్కడ ఏమీ లేదు. పిల్లని పనిలోంచి తీసేశారు.

మా తమ్ముడు వచ్చి ఏమైందని అడిగాడు. నేను డైరీ తెరిచి, నలభై మూడు పాఠాలకి నూట పన్నెండు తప్పులని చదివి వినిపించాను. ‘దీని తలకి ఎక్కదురా’ అన్నాను. ఆమె నేలచూపులు చూస్తూ నిలబడింది. ఆ రాని కంటైనర్‌కి ‘యెగో’ కాదు, ‘యెగే’ అని రాయాలని రెండువందల పన్నెండో పేజీలో ఉంది. వాడు వెళ్లాక, ఆ సాయంత్రమే చూశాను. పేజీలో కాగితం ముక్క పెట్టి పుస్తకం మూసేశాను. నేను పెట్టిన టిక్కు నేనే కొట్టేయడానికి చెయ్యి రాలేదు. పన్నెండో రోజున తమ్ముడే వచ్చి ఆమెని పిఠాపురం బస్సు ఎక్కించాడు.

ఇవాళ వడియాలు చూసి కిందికి దిగాక ఫోన్ చేశాను.

‘అమ్మాయ్, ఆ ఉత్తరంలో తప్పు నాదే.’

‘తెలుసండి అత్తయ్యా. మర్నాడే మీరు కాగితం పెట్టిన పేజీ చూశాను.’

‘మరి మీ నాన్నతో చెప్పలేదేం?’

‘నేను చెప్తే నమ్ముతారా అండి? మీరు చెప్తారేమోనని పదకొండు రోజులు చూశాను.’ వెనక నుంచి మగగొంతు గట్టిగా అరిచింది. ‘ఆఁ, వస్తున్నానండీ’ అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ పదకొండు రోజుల డైరీ తీశాను. ఏ పేజీ ఖాళీగా లేదు. వాన పడింది, గ్యాస్ బండ మార్చాం, ఆమె రెండు పూటలా వంట చేసింది. రోజులన్నీ తేదీలతో సహా నా దగ్గరే ఉన్నాయి. ఆమె వాటిని ఎలా గడిపిందో ఒక్క అక్షరం లేదు.