కాటమరాజు పట్టు, పుల్లమ్మ కట్టు

బేస్తవారిపేట చుట్టుపక్కల కబడ్డీ ఆడినవాళ్లను ఎవరినైనా అడగండి, కాటమరాజు చేతికి కాలు చిక్కిందంటే ఇక అంతే సంగతులు అంటారు. చిక్కకేం చేస్తుంది మరి! నడక వచ్చింది మొదలు గొర్రెల మందలో పెరిగినవాడు. పరుగెత్తే పొట్టేలును వెనక కాలు పట్టి ఆపడం అతనికి రోజూ ఉండే పనే. కూతకొచ్చినవాడి కాలునూ అలాగే ఒడిసిపట్టేవాడు. తిరునాళ్ల పోటీల్లో గెలిచి గెలిచి, చివరికి హైదరాబాదులో ఒక పెద్ద జట్టు శిబిరానికి పిలుపందుకున్నాడు. ఊళ్లో ఒకటే సంబరం.

ఆ సంబరంలోనే త్రిపురాంతకంలో ఒక ఆట ఆడి మోకాలు మెలిపెట్టుకున్నాడు. మార్కాపురం ఆసుపత్రికి పోదామన్నారు స్నేహితులు. తల్లి పుల్లమ్మ ఒప్పుకుంటేనా! కాలు విరిగిన గొర్రెలకు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టడంలో ఆమెది పేరుమోసిన చెయ్యి.

"గొర్రెకు అతికింది నీకు అతకదా? కత్తి పెట్టించుకుంటే ఇంక ఆడినట్లే! గమ్మునుండు నాయనా" అని తనే కట్టింది.

వాపు దిగింది. కుంటు పోయింది. నవ్వుకుంటూ శిబిరానికి వెళ్లాడు పాపం. గొర్రె తిన్నగా నడిస్తే చాలు, కబడ్డీ ఆడేవాడు నిలబడ్డచోటే గిర్రున తిరగాలి కదా! అలా తిరగబోయిన మొదటిసారే కుప్పకూలిపోయాడు. తెగింది లోపలి నరమని, దెబ్బ తగిలినప్పుడే వచ్చుంటే బాగుచేసేవాళ్లమని, ఇప్పుడు చుట్టూ అంతా నలిగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆట అక్కడితో సరి.

ఇంటికొచ్చి తల్లితో ఏమన్నాడో తెలుసా?

"నాకంటే బాగా ఆడేటోళ్లు వచ్చినారమ్మా. నన్ను వద్దన్నారు."

ఆ వద్దన్నవాళ్లను ఆమె ఏళ్ల తరబడి తిట్టిపోసింది. అతను తల వంచుకుని మంద తోలుకుపోయేవాడు. దుఃఖం ఆగకపోతే కొండవార కూర్చుని ఏడ్చుకునేవాడు. అమ్మకు మాత్రం తెలియకూడదు, అంతే.

మొన్న ఎండాకాలం అతని కూతురు మల్లి, జిల్లా జట్టులో ఆడుతున్న పిల్ల, మోకాలు పట్టుకుని స్నేహితురాళ్ల భుజాల మీద ఇంటికొచ్చింది. పుల్లమ్మ గబగబా చూరులోంచి వెదురుబద్దలు తీసింది.

"వద్దమ్మా" అన్నాడు కాటమరాజు.

"ఏందిరా వద్దు? నీ కాలు నేను అతికించలేదా?"

అతను మల్లి ముఖం చూశాడు.

"అతకలేదమ్మా. ఆడలేకనే తిరిగొచ్చినా. ఆ పొద్దే ఆసుపత్రికి పోయుంటే బాగయ్యేదని డాక్టరు చెప్పినాడు."

పుల్లమ్మ చేతిలోని బద్దలు జారిపోయాయి.

"అయితే నేనేనా నాయనా?"

అవునని ఎలా అంటాడు? కాదంటే కట్టు మళ్లీ కడుతుంది. కూతుర్ని ఎత్తుకుని ఆటో ఎక్కించాడు.

మల్లికి ఆపరేషను జరిగింది. ఇప్పుడు మెల్లగా పరుగెత్తుతోంది. దాన్ని చూసి పుల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది.

ఈమధ్య మందలో ఒక గొర్రెపిల్ల కాలు విరిగితే కాటమరాజు తెచ్చి ఎప్పటిలా తల్లి ఒళ్లో పెట్టబోయాడు. ఆమె చేతులు కొంగు కింద దాచుకుంది.

"నాది మంచి చెయ్యి కాదు నాయనా. నువ్వే కట్టు."

ఎంత బతిమాలినా చెయ్యి బయటికి తీయలేదు. ఆమె పక్కనే కూర్చుని, ఆమె నేర్పినట్లే కాటమరాజు కట్టు కట్టాడు. కాలు చక్కగా అతికింది. ఆ గొర్రెపిల్ల వాకిట్లో గెంతుతుంటే పుల్లమ్మ లేచి లోపలికి వెళ్లిపోతుంది.