నీలం ఆగిన చోటు

పంజాగుట్టలో ఒక మట్టి పరీక్షల ల్యాబులో చంద్రావతి పంతొమ్మిదేళ్లుగా టెక్నీషియన్. మూడు నెలల క్రితం చేరిన ఉదయలక్ష్మిని మాత్రం అందరూ సైంటిస్టుగారు అని పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా చంద్రావతికి కడుపు మండేది.

ఉదయలక్ష్మి గాజుపెట్టెలో రాగి కలిసిన బంకమట్టి నింపి, రెండు చివర్లా కడ్డీలు గుచ్చి కరెంటు పెట్టింది. మట్టి తడిలోని నీలిరంగు రాగి అయాన్లు మెల్లగా మైనస్ కడ్డీ వైపు కదులుతాయి. అక్కడ చేరిన రాగిని తోడేస్తే మట్టి శుభ్రపడుతుంది. వారంపాటు నీలం రంగు ముందుకు జరుగుతుంటే డైరెక్టర్ రోజూ వచ్చి మెచ్చుకున్నాడు. తర్వాత అది కడ్డీకి జానెడు దూరంలో ఆగిపోయింది.

కారణం చంద్రావతికి తెలుసు. మైనస్ కడ్డీ దగ్గర తడి క్షారంగా మారుతుంది, అందులో రాగి గడ్డకట్టి ఇక కదలదు. లిట్మస్ కాగితం పెట్టి చూసింది కూడా. అయినా రెండు రోజులు నోరు విప్పలేదు. ఉదయలక్ష్మి టిఫిన్ డబ్బా తెరవకుండా కూర్చుంటే చంద్రావతికి లోలోపల హాయిగా ఉంది.

మూడోరోజు ఉదయలక్ష్మి మట్టిని పారేయడానికి పెట్టె ఎత్తింది. ఆ మట్టిని జల్లించి, తడిపి, పిసికింది చంద్రావతే. ఇక ఉండబట్టలేకపోయింది.

“ఆగుండ్రి మేడం! మైనస్ దిక్కు జరంత జరంత వెనిగర్ పోసుకుంట పోవాలె. అప్పుడు క్షారం విరిగి రాగి కదుల్తది.”

“ముందే చెప్పొచ్చు కదండీ, చంద్రావతిగారూ?”

“నన్నెవలడిగిన్రు?”

నాలుగు రోజులకు నీలం కడ్డీని చేరింది. డైరెక్టర్ ముందు ఉదయలక్ష్మి, “ఈ ఉపాయం చంద్రావతిగారిదండీ” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. చంద్రావతికి సంతోషమే వేసింది. కానీ ఆ మాటను తానైతే అంత హుందాగా చెప్పగలిగేది కాదని తోచి, మళ్లీ కుళ్లుకుంది.