ఎలకల మాట తియ్యను

అందరికీ వందనాలండి. నేను అయిదో తరగతి దాకా చదివాను, అది కూడా వరసగా బడికి పోయింది లేదు. ఇంతవరకు ఏదీ రాయలేదు. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు నికరంగా తెలవదు. రాత బాగోకపోతే ఏమనుకోవద్దు.

ఆకెన్‌లో మా తెలుగోళ్ళ ప్రార్థన కూటం వాళ్ళు ఒక పుస్తకం వేస్తన్నారు. జర్మనీ వచ్చాక మీ మనసులో నిలిచిన మనిషి గురించి రాయండి అన్నారు. మా మేడం గురించి రాస్తానన్నా. మేడం ఫిన్లాండ్ ఆవిడ, ఇక్కడ యూనివర్సిటీలో ప్రొఫెసర్ చేసింది. అందరూ అబ్బో అన్నారు. తర్వాత పుస్తకం పని చూసే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, రాయండి. కాకపోతే ఆ ఎలకల మాట తీసేద్దాం. వన్యప్రాణుల పరిశోధన అని పెడదాం, డీసెంట్‌గా ఉంటది."

"వన్యప్రాణి అంటే పులులనుకుంటారు తమ్ముడూ."

"అనుకోనీయండి, మనకి మంచిదేగా!"

"నేను పట్టింది ఎలకల్ని."

"సరే అక్కా. మరి మీ నాన్నగారి సంగతి... అది అవసరమా?"

అవసరమే. అందుకనే మొత్తం రాస్తన్నా. వేస్తే వెయ్యండి. లేదంటే నేనే జిరాక్స్ తీయించి పంచుతా.

మేం యానాదులం. మాది కృష్ణా దగ్గర వరి పొలాల ఊరు. మా నాన్న రైతుల పొలాల్లో ఎలకలు పట్టేవాడు. కుండలో గడ్డి అంటించి, బొక్కలోకి పొగ ఊదేవాడు. మిగతా బొక్కలు మేం పిల్లలం బురదతో మూసేవాళ్ళం. ఎలక బయటికి దూకంగానే తోక పట్టి నేలకేసి ఒక్క దెబ్బ. కూర వండుకునేవాళ్ళం. బొక్కలో అది దాచుకున్న వడ్లు తవ్వుకుని దంచుకునేవాళ్ళం. రైతుకి పంట మిగిలేది, మాకు అన్నం దొరికేది. ఇందులో ఎవరిదీ దొంగిలించింది లేదు.

మా ఆయనా మా వాళ్ళల్లోవాడే. హైదరాబాద్ హోటల్లో తందూరీ నేర్చుకుని, వంటమనిషి వీసా మీద ఇక్కడికి వచ్చాడు. నేను రావాలంటే జర్మన్ పరీక్ష పాసవ్వాలన్నారు. తప్పాను, మళ్ళీ రాశాను, వచ్చాను. వచ్చాక యూనివర్సిటీలో ఒక బిల్డింగు తుడిచే మినీజాబ్, అంటే వారానికి కొన్ని గంటల పని, దొరికింది. అందులోనే మేడం గది ఉండేది. గది నిండా ఇనప బోన్లు.

ఒకరోజు మేడం దగ్గర పనిచేసే అమ్మాయికి జబ్బు చేసింది. బోన్లు చూడాలి, తోడు కావాలి. మేడం నా వంక చూసి అడిగింది, "నీకు ఎలకంటే భయమా?"

"చిన్నప్పుడు తినేవాళ్ళం," అన్నా. నాకొచ్చిన జర్మన్‌లో అంతకంటే బాగా చెప్పడం చేతకాలా.

ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుంది. "ఎలా ఉంటది?"

"కోడికంటే బాగుంటది."

ఫక్కున నవ్వింది. "కరువులో మా అమ్మమ్మ వాళ్ళు చెట్టు బెరడు దంచి పిండిలో కలిపి రొట్టె చేసుకున్నారు. మంచులో ఎలకలు తినేదీ ఆ బెరడే. పద, ఇద్దరం ఒక బంతిలోవాళ్ళమే."

ఊరి బయట గడ్డి మైదానం. బోన్లో ఎండుగడ్డి, ఓట్సు, ఆపిల్ ముక్క. లోపల మన పొలం ఎలకకంటే చిన్నది, గుండ్రటి మూతి, పొట్టి తోక. నేను పట్టుకున్నా. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది, నేలకేసి కొట్టడానికి. మేడం ఎగిరొచ్చి నా మణికట్టు పట్టుకుంది. "నైన్! నైన్! వద్దు, ఇది బతకాలి!"

పట్టి వదిలెయ్యడానికా ఇంత దూరం వచ్చింది అనుకున్నా. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. చెవికి నెంబరు బిళ్ళ వేసి వదులుతారు. మళ్ళీ పట్టినప్పుడు బిళ్ళవి ఎన్ని, కొత్తవి ఎన్ని అని చూసి, మైదానంలో మొత్తం ఎన్ని ఉంటాయో అంచనా కడతారు. ఎందుకు పెరుగుతున్నాయి, ఎందుకు తగ్గుతున్నాయి, అదే ఆవిడ చదువు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "మన అడ్రసు ఆఫీసులో రాయించుకునే ఆన్‌మెల్డుంగ్‌కి టెర్మిన్ దొరకడానికి నెలలు పట్టింది. ఎలకలకి నువ్వే చేసేస్తన్నావా? ఇంటి ఓనరు సంతకం ఉందా వాటికి?"

ఆ తర్వాత తుడిచే పని మానేసి నేను మేడం దగ్గరే మినీజాబ్‌కి ఉండిపోయా. మా ఇద్దరికీ జర్మన్ పరాయి భాషే. ఆవిడ మెల్లగా, చిన్న చిన్న మాటలు మాట్లాడేది, అందుకే నాకు తెలిసేది. నడుస్తా నడుస్తా తన సంగతులు చెప్పేది. వాళ్ళది చెరువుల మధ్య ఊరు. చిన్నప్పుడు ఒక చలికాలం ఎలకలు విపరీతంగా పెరిగాయంట. మంచు కరిగాక చూస్తే వాళ్ళ నాన్న నాటిన లేత చెట్లన్నిటికీ బెరడు లేదు. నాన్న గట్టు మీద కూలబడిపోయాడు. మరుసటేడు ఒక్క ఎలక కనపడలేదు. "ఎక్కడికి పోయాయి నాన్నా?" అంటే, "నాకు తెలిస్తే చెట్లు నాటేటప్పుడే జాగ్రత్త పడేవాణ్ణి," అన్నాడంట. ఆ పిల్ల అది తెలుసుకోడానికే కాలేజీకి పోయింది.

అక్కడ మగ ప్రొఫెసర్లు "ఎలకలు లెక్కపెట్టడం కూడా సైన్సా" అన్నారు. పుట్టిన బిడ్డని వీపున కట్టుకుని బోన్లు చూసిందంట. ఉద్యోగం కోసం జర్మనీ వచ్చింది. ఒక కాంట్రాక్టు అయిపోతే ఇంకోటి, అదైతే మళ్ళీ ఏముందో తెలవదు. జుట్టు నెరిసే వేళకి గానీ పర్మనెంటు చెయ్యలేదు.

మా కూటానికి వస్తానని మేడమే అడిగింది. నేను సంతోషంగా తీసుకెళ్ళా. ప్రార్థన అయ్యాక అందరం తలా ఒకటి తెచ్చి కలిసి తింటాం. ఒకావిడ ఇంగ్లీషులో అడిగింది, మీరిద్దరూ ఏం పని చేస్తారని.

"ఎలకలు పడతాం," అంది మేడం. "నేను చదువుకుని పట్టాను. ఈమె వాళ్ళ నాన్న, తాత కూడా పట్టారు. నాకంటే సీనియర్లు."

మా ఆయన గబగబా అందుకున్నాడు. "అంటే... ల్యాబ్‌లో అండి... అసిస్టెంట్ లాగా. మా మామగారిది వ్యవసాయం."

ఆ వ్యవసాయం మాట ఆయన వచ్చినకాడ్నించీ అందరికీ చెప్తానే ఉన్నాడు. ఆరోజు నాకు మింగుడు పడలేదు. "వ్యవసాయం ఆసాములది. మేం యానాదులం. ఎలకలు పట్టి, తిని పెరిగాం," అన్నా, తెలుగులోనే, గట్టిగా.

తర్వాత ఆదివారం కోడికూర చేసుకెళ్ళా. ఒకతను మూత వంక చూసి, "అక్కా, ఇది కోడేనా?" అన్నాడు. పక్కనోళ్ళు కిసుక్కున నవ్వారు. ఎవరూ మూత తియ్యలా. నిండు గిన్నె ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఇంటికొచ్చా. ఈ దేశంలో మాకున్న మనుషులు వాళ్ళే. పండగైనా జబ్బైనా వాళ్ళే. వాళ్ళు పోతే మాకెవరూ లేరు. ఆ రోజు ఏడ్చాను.

మేడంకి చెప్పా. ఆవిడ వంగి బోను సర్దుతా తన సంగతి ఒకటి చెప్పింది. చలికాలాల్లో మంచు పడటం ఏటేటా తగ్గాక తన ఊళ్ళో ఎలకల పెరుగుడు, తరుగుడు పాత తీరులో లేదని ఒకప్పుడు ఆవిడ రాసిందంట. పెద్ద పేరున్నాయన ఒకడు సభలో, అందరి ముందు, నీ లెక్క తప్పు అన్నాడంట.

"మరి మీరేమన్నారు?"

"మళ్ళీ బోన్లు పెట్టా. ఆ తర్వాతేడూ పెట్టా. ఆయన సభకి రావడం మానేశాడు, నేను పెడతానే ఉన్నా."

ఆదివారం మళ్ళీ కోడి కోయించి తెచ్చా. మా ఆయన గడప దగ్గర నిలబడి, "పులిహోర చెయ్యవే, గొడవ వదిలిద్ది," అన్నాడు.

"కోడే చేస్తా."

గిన్నె మళ్ళీ నిండుగా వచ్చింది. పై వారం కూడా పెట్టా. అట్టా వారాలు గడిచాయి, మేం ఇంట్లో ఆ కూరే తిన్నాం. ఒక ఆదివారం కూటంలో మా ఆయన లేచి మూత తీశాడు. ఒక కాలు తీసుకుని, నిలబడే కొరికాడు.

"మా మామ ఎలకలు పట్టాడు. మా నాన్న కూడా. నాకు ఎలక కాల్చడం వచ్చాకే కోడి కాల్చడం వచ్చింది. మా హోటలుకొచ్చి మీరంతా లొట్టలేసుకు తింటారే, ఆ తందూరీ ఈ చేతులదే. కావాల్సినోళ్ళు ప్లేటు తెండి."

ఇద్దరు ముగ్గురు స్టూడెంట్ పిల్లలు తెచ్చారు. "అక్కా, ముక్క ఎక్కువెయ్యి," అన్నారు. మిగతావాళ్ళు తేలేదు. కొందరు ఈ రోజుకీ తేరు. గిన్నె మాత్రం బల్ల మీద మధ్యలోనే పెడతా, చివర పెట్టను.

మేడంకి రిటైర్మెంట్ వచ్చింది. మైదానంలో పని ఆపేశారు, నా మినీజాబూ పోయింది. పూలు, కేకు, చప్పట్లు అన్నీ అయ్యాక మేడం ఆ పాత బోన్లు అడిగి తెచ్చుకుంది. పర్మిషన్ తెచ్చుకుంది, ఒక రైతుని ఒప్పించి ఆయన బీడులో పెట్టింది. ఇప్పుడు జీతం ఎవరికీ లేదు. ఆవిడకి మోకాళ్ళు వంగవు, నేను వంగుతా. నేను నెంబరు చెప్తా, ఆవిడ రాసుకుంటది. నేలకేసి కొట్టడానికి నా చెయ్యి పైకి లేవడం ఎప్పుడో మానేసింది. ఎలకని గడ్డిలో వదిలితే అది వెనక్కి కూడా చూడదు.

తమ్ముడూ, ఇదంతా నీకు పంపుతున్నా. ఇందులో ఎలక అన్న మాట ఎన్నిచోట్ల ఉందో అన్నిచోట్లా ఉండనీ. యానాది అన్న మాట కూడా. నువ్వు తీసేస్తే నేను మళ్ళీ రాసి పంపుతా, మళ్ళీ తీస్తే మళ్ళీ రాస్తా.

చదివిన పెద్దలు, పిల్లలు, తప్పులుంటే క్షమించండి. అక్షరాల్లో తప్పులకే అడుగుతున్నా. మిగతా దేనికీ క్షమాపణ అడగట్లేదు.